కట్టి ఎనిమిది నెలలు

ముప్పై నాలుగో గుర్రం నెత్తురు మళ్ళీ గుండీ కట్టింది.

చుక్కలక్క కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దీపపు పెట్టె మీద ఉన్న పలక మీదికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ పలక అది. దాని నిండా వేలి కొన కూడా పట్టని గుంటలు. ప్రతి గుంటలో గుర్రం నెత్తురు నుంచి తీసిన నీరు ఒక చుక్క, జబ్బు క్రిమి సారం ఒక చుక్క, మరో రెండు మందు చుక్కలు, ఆఖరున గొర్రె ఎర్రకణాలు ఒక చుక్క. గుర్రానికి జబ్బు లేకపోతే ఆ ఎర్రకణాలు పగిలి గుంటంతా తేటగా లేత ఎరుపు పరుచుకుంటుంది. గ్లాండర్స్ ఉంటే కణాలు పగలవు. మెల్లగా కిందికి దిగి అడుగున చొక్కా గుండీలాగా గుండ్రంగా కూర్చుంటాయి. దాన్నే ఆ ల్యాబులో గుండీ కట్టడం అంటారు.

పందొమ్మిదేళ్ళుగా ఆ చుక్కలు వేయడమే ఆమె పని. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉంది. ఊడ్చే ఆమె దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె చుక్కలక్క.

జబ్బుల్లో మంచివేముంటాయి గానీ, గ్లాండర్స్ మరీ చెడ్డది. ముక్కు కారుతుంది, ఒంటి మీద పుళ్ళు లేస్తాయి, పక్కనున్న మనిషికీ అంటుకుంటుంది. కొన్ని గుర్రాలు పైకి నిక్షేపంలా ఉండి లోపల దాన్ని మోస్తూ తిరుగుతాయి. అందుకే ఆ ఏడాది పట్టణంలో ఉన్న ప్రతి గుర్రం నెత్తురూ తెప్పించి చూసే పరిశోధన ఒకటి మొదలైంది. జబ్బు తేలితే వైద్యం లేదు. ఒక ఇంజెక్షను, ఒక లోతైన గొయ్యి, అంతే.

రెండోసారి కూడా గుండీ కట్టిందంటే ముప్పై నాలుగు కథ ముగిసినట్టే. కానీ చుక్కలక్క చూపు గుండీల మీద లేదు, వరస చివరనున్న తోడు గుంట మీద ఉంది. ప్రతి గుర్రానికీ అలాంటి గుంట ఒకటి ఉంటుంది. అందులో క్రిమి సారం వేయరు కాబట్టి, జబ్బున్నా లేకపోయినా అది తేటగా కరిగి తీరాలి. అది సాక్షి లాంటిది. సాక్షే తడబడితే మిగతా గుంటలు చెప్పేది నమ్మడానికి లేదు. ముప్పై నాలుగు తోడు గుంట బియ్యం కడిగిన నీళ్ళలా మసకగా ఉంది. మొదటిసారీ అంతే, ఈసారీ అంతే. ఆమె రిజిస్టరు అంచులో పెన్సిలుతో "తోడు గుంట మసక" అని రాసింది.

"వచ్చిందా?" అంటూ సైంటిస్టు లోపలికి వచ్చాడు. ఆయనకు ముప్పై ఆరేళ్ళు. చెడ్డవాడు కాదు, తొందరవాడు. నోరు తెరిస్తే గడువు దాటిపోతోందంటాడు కనుక వెనకాల అందరూ గడువు సార్ అంటారు.

"వచ్చింది సార్. గుండీనే. కానీ తోడు గుంట చూడండి ఒకసారి."

ఆయన వంగి చూశాడు. "నిన్నా ఇదే అన్నారు. నాకు తేటగానే కనిపిస్తోంది."

"మసకగా ఉంది సార్. రెండుసార్లూ ఉంది." ఆమె గోడ మీద వేలాడుతున్న పాత కాగితం వైపు చూసింది. గాడిద, కంచరగాడిద, చూడి గుర్రం, ఈ మూడింటి నెత్తురు ఈ పలక మీద వేయరాదనీ, జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపుతుందనీ, వాటిని పట్టీ పరీక్షకే పంపాలనీ ఆ కాగితం సారాంశం. "ఇది కంచరగాడిదేమో సార్. కాకపోతే చూడిదేమో."

గడువు సార్ కంప్యూటరు కాగితాలు తిరగేసి ముప్పై నాలుగు దగ్గర వేలు పెట్టాడు. "ఆడ గుర్రం, పదకొండేళ్ళు. ఇతర వివరాలు: బండికి కట్టి ఎనిమిది నెలలు. చూడిదైతే చూడిదని రాసేవాళ్ళు కదా. బండి లాగుతోందని రాశారు."

యజమానిని అడుగుదామంటే ల్యాబు వాళ్ళు యజమానులతో మాట్లాడకూడదు. ఎవరి గుర్రమో తెలిస్తే చేయి ఒక పక్కకు మొగ్గుతుందని ఇక్కడికి పేర్లు కూడా రావు, నంబర్లే వస్తాయి.

"ఏమీ అనుకోకండి," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "పిపెట్ పట్టుకున్నప్పుడు గమనించాను. మీ చెయ్యి కొంచెం వణుకుతోంది. ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి చుక్క అటూ ఇటూ పడి ఉంటుంది. వయసుతో వస్తుంది, తప్పేం కాదు."

తరవాత బల్ల మీద ఉన్న రబ్బరు తీసుకుని, రిజిస్టరు అంచులో ఆమె రాసిన మూడు ముక్కలూ నెమ్మదిగా చెరిపాడు. పొడిని నోటితో ఊదాడు. పైవాళ్ళు చూసే కాగితం కదా, శుభ్రంగా ఉండాలి అన్నాడు. కలం ఆమె చేతికిచ్చాడు. చుక్కలక్క సంతకం పెట్టింది.

సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి నిజంగానే వణికింది. అది ముందునుంచీ వణుకుతోందో, ఆయన అన్నాక వణకడం మొదలెట్టిందో ఆమెకు తెలియలేదు.

* * *

బుధవారం పొద్దున నోటీసు పట్టుకుని ఒకామె వచ్చింది.

ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఉంటాడు. పాతికేళ్ళ సర్వీసు, గుండ్రటి చేతిరాత, ఉదార హృదయం. ఎదుటివాడు మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తి చేస్తాడు. అవధానంలో సమస్యను పూరించినట్టు పూరిస్తాడు కనుక ఆయన్ను పూరణం గారంటారు. అయితే అవధానికి తేలే సమాధానం ఆయనకు పదిసార్లకు రెండుసార్లు కూడా తేలదు. పశువుల ల్యాబులో ఇన్నేళ్ళుండీ ఆయన ఒక్క పశువు పలుపు కూడా పట్టుకోలేదు. ఆయనకు తెలిసిన పశువులన్నీ కాగితాల మీదే బతుకుతాయి, కాగితాల మీదే పోతాయి.

వచ్చినామెకు యాభై దాటి ఉంటాయి. గోళ్ళలో మట్టి, మోచేతి మీద ముళ్ళ గీతలు. నర్సరీ నుంచి పూల మొక్కలు బండి మీద వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. చుక్కలక్క గది తలుపు ఓరగా తెరిచే ఉంది. నోటీసు మీద ఎర్ర అంకె దూరానికే ఆమెకు కనిపించింది. ముప్పై నాలుగు.

"బాబూ, మా గుర్రానికి..."

"జబ్బు తేలింది. శుక్రవారం పదింటికి మనుషులు వస్తారు. అవునమ్మా, నేనే టైపు చేశాను."

"దానికి ముక్కు కారడం లేదు. ఒంటి మీద ఈగ వాలినంత పుండు కూడా..."

"లేదు. పైకి ఉండదమ్మా. లోపల ఉంటుంది."

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. "మా పెద్దమ్మాయికి ఎనిమిదో నెల బాబూ. ఇలాంటప్పుడు..."

పూరణం గారి కలం ఆగింది. ఆయన కూతురు పోయిన ఏడే పురుడు పోసుకుంది. ఆ ఎనిమిదో నెల ఎలా గడిచిందో ఆయనకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. "ఇలాంటప్పుడు ఇంట్లో ఈ గొడవ. నాకు తెలుసమ్మా, ఆడపిల్లను కన్నవాణ్ణే. మీరు ముందో పని చెయ్యండి. మీ అమ్మాయిని ఆ గుర్రానికి దూరంగా ఉంచండి."

ఆమె నోరు తెరుచుకుని చూసింది. "దూరంగానా?"

"బాగా దూరంగా. ఈ జబ్బు మనుషులకు అంటుతుంది. వేరే గదిలో, మంచం మీద పడుకోబెట్టండి. ఈ మూడు రోజులూ కిందికి దిగనివ్వకండి."

"మంచం మీదా?"

"మంచం మీదే. పళ్ళూ పాలూ బాగా పెట్టండి. ధైర్యం చెప్పండి. గుర్రం పోతే పోయింది, పిల్ల క్షేమంగా ఉండాలి."

ఆమె ఏదో అనబోయింది. పెద్ద ఆఫీసుల్లో మాట్లాడే మాటలు మనకెక్కడ అర్థమవుతాయిలే అన్నట్టు మళ్ళీ ఊరుకుంది. నోటీసు నాలుగు మడతలు పెట్టి, సైకిళ్ళ షెడ్డు పక్కనున్న అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. గడువు సార్ అటుగా నాలుగుసార్లు నడిచాడు గానీ ఆయన కళ్ళు ఫోను మీద ఉన్నాయి.

చుక్కలక్క ఆ రోజు ఇరవై రెండు గుర్రాల చుక్కలు వేసింది. ప్రతి వరసా రెండుసార్లు లెక్క చూసుకుంది. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేసింది. తను వేసిన చుక్క తప్పై ఉంటే ఒక బతికే గుర్రం చస్తుంది, ఒక ఇంటి జీవనాధారం పోతుంది, అందులోనూ ఆ ఇంట్లో నెలలు నిండుతున్న పిల్ల ఉంది. తప్పు కాకపోతే ఆ ఇంట్లో అందరికీ ప్రమాదం. రెంటిలో ఏది నిజమో చెప్పాల్సిన తోడు గుంట మాటను తనే సంతకం పెట్టి మింగేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వసారాలో చాప మీద కూర్చుని కొడుకు చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఇంట్లో ఎక్కడ చూసినా గుండీలే.

"మొహం అలా వేలాడేశావేమిటే?"

చుక్కలక్క చెప్పులు విప్పి ఆమె పక్కనే కూలబడింది. గుంట సంగతి, రబ్బరు సంగతి, చెయ్యి సంగతి అంతా చెప్పింది. చెబుతూంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చుక్కలు వెయ్యలేకపోతే నేనింకెందుకు అత్తయ్యా ఆ ల్యాబులో? కుర్చీలు తుడవడానికా?"

అత్తగారు గుండీకి ముడి వేసింది. దారం తెంపి, సూదిని కోడలి చేతిలో పెట్టింది. "ఎక్కించు. నాకు కనపడి చావడం లేదు."

చుక్కలక్క దారం కొన తడిచేసి, మెలిపెట్టి, సూది బెజ్జంలోకి తోసింది. ఒక్కసారికే దూరింది.

"ఇంకోసారి. ఇది సన్న సూది."

అదీ ఒక్కసారికే దూరింది. అత్తగారు సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. కనపడి చావని కళ్ళకు బెజ్జం బాగానే కనపడినట్టుంది.

"చేతికేం రోగం లేదు. వణికేది నీ నోరు. ఆయన కాస్త గొంతు తగ్గించి మర్యాదగా మాట్లాడేసరికి నీకు నోట్లో నాలుక లేకుండా పోయింది. అడగందే అమ్మైనా పెట్టదు, గట్టిగా చెప్పందే సైంటిస్టుకైనా తెలీదు. లే, కాళ్ళు కడుక్కో."

* * *

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ చుక్కలక్క డబ్బా కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. మొక్కలావిడ అక్కడే మొహం కడుక్కుంటోంది. నిన్నటి చీరే. పొద్దున్నే వచ్చి కూర్చున్నట్టుంది.

యజమానులతో మాట్లాడకూడదన్నది రూలు. అయితే గుర్రం గురించి మాట్లాడకూడదన్నారు గానీ కడుపుతో ఉన్న పిల్ల గురించి అడగకూడదని ఎవరూ అనలేదు కదా. చుక్కలక్క ఆ సందులోంచి దూరింది.

"మీ అమ్మాయి ఎలా ఉందండీ?"

మొక్కలావిడ మొహం ఒక్కసారిగా మెత్తబడింది. ఆ రెండు రోజుల్లో ఆ ఆవరణలో ఎవరూ ఆ మాట అడగలేదు. "ఏం చెప్పనమ్మా. నిన్నట్నుంచీ దిగాలుగా ఉంది. నేను ఇక్కడికొచ్చి కూర్చుంటే అక్కడ గడ్డి కూడా ముట్టడం లేదు."

కుళాయి నీళ్ళు డబ్బాలోంచి పొర్లిపోతున్నాయి.

"ఏం ముట్టడం లేదన్నారు?"

"గడ్డమ్మా. పచ్చగడ్డి కోసి వేశాను, తవుడు కలిపి పెట్టాను. నా చేత్తో పెడితేగానీ తినదు, చిన్నప్పట్నుంచీ గారాబం. ఆ కిటికీ బాబేమో మంచం మీద పడుకోబెట్టమంటాడు. మంచం మీద ఎలా పడుకుంటుందమ్మా అది?"

చుక్కలక్క కుళాయి కట్టేసింది. కట్టాక కూడా రెండు క్షణాలు దాన్ని పట్టుకునే ఉంది. "పెద్దమ్మాయి అంటే మీ గుర్రమా?"

"మరి ఎవరనుకున్నారు? నాకిద్దరూ మగపిల్లలే. దీన్ని తెచ్చిన రోజున మా ఆయన, ఇంటికి పెద్దమ్మాయి వచ్చిందన్నాడు. ఆయన పోయాక దాని పెద్దరికం ఇంకాస్త పెరిగింది." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎనిమిదో నెలమ్మా. కట్టించి ఎనిమిది నెలలు నిండుతున్నాయి. నెత్తురు తీయడానికి వచ్చిన డాక్టరుకు చెప్పాను, ఆయన రాసుకున్నాడు కూడా. మీ అందరికీ తెలుసనే అనుకున్నాను. తెలిసే చంపుతున్నారనుకున్నాను."

చుక్కలక్క డబ్బా అక్కడే వదిలేసింది. "ఇక్కడే ఉండండి. ఎక్కడికీ వెళ్ళకండి," అంది.

పూరణం గారు పెరుగన్నంలో ఉన్నారు. "ఏమిటక్కా, ఫైలు..."

"ఫైలు కావాలి. నెత్తురుతో పాటు డాక్టరు పంపిన అసలు కాగితాలు. చేతిరాతవి."

ఆయన ఎంగిలి చెయ్యి గాల్లోనే ఉంచి, ఎడంచేత్తో బీరువా చూపించాడు. ముప్పై నాలుగో కాగితం నీలం ఇంకుతో ఉంది, మూలన గడ్డి పరక ఒకటి అంటుకుని ఉంది. ఇతర వివరాలు అన్నచోట ఆ పశువుల డాక్టరు గబగబా నాలుగు ముక్కలు రాశాడు: "కట్టి ఎనిమిది నెలలు. గమనించగలరు."

"బండికి అని లేదే ఇక్కడ," అంది చుక్కలక్క.

"లేదు. కట్టి అంటే దేనికి కట్టి అని ఉండాలా వద్దా? వాక్యం అసంపూర్తిగా ఉంది. అందుకని టైపు చేసేటప్పుడు నేనే..."

"పూర్తి చేశారు."

"గుర్రాన్ని ఇంకెక్కడ కడతారక్కా, బండికి గాక?"

"గుర్రాన్ని ఎవరూ కట్టలేదు బాబూ. గుర్రమే కట్టింది. చూలు కట్టింది. పశువులున్న వాళ్ళెవరైనా ఆ మాట అలాగే అంటారు, ఆ డాక్టరు అలాగే రాశాడు. నిన్న ఆవిడ మీతో చెప్పిన ఎనిమిదో నెల కూడా దీనిదే."

పూరణం గారు ఆ నీలం ఇంకు వైపు మరోసారి చూశారు. తరవాత డబ్బా మూత పెట్టేశాడు. పాతికేళ్ళలో ఎన్నో వాక్యాలు పూర్తి చేశాడాయన. వాటిలో ఒకటి ఇలా ప్రాణం మీదికి వచ్చింది. "రెండు ప్రాణాలక్కా," అన్నాడు మెల్లగా. "మంచం మీద పడుకోబెట్టమన్నాను."

గడువు సార్ గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. చుక్కలక్క తలుపు తట్టలేదు. నేరుగా వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది, చేతిరాతది ఒకటి, టైపుది ఒకటి. ఆయన ఫోను చెవిన ఉండగానే అటు ఒకసారి, ఇటు ఒకసారి చూశాడు.

"సార్, తోడు గుంట మసకగా ఉంది," అంది ఆమె. అత్తగారికి వినపడేంత గట్టిగా అంది. "సోమవారం మసకగా ఉంది, మంగళవారం మసకగా ఉంది. నా చెయ్యి వణికి కాదు. అది ఎనిమిది నెలల చూడి గుర్రం. దాని నెత్తురు ఆ పలక మీద వెయ్యకూడదు. మీరు వెయ్యమన్నారు, నేను వేశాను. మీరు చెరిపారు, నేను సంతకం పెట్టాను. ఇద్దరం తప్పే చేశాం."

ఆయన ఫోను పెట్టేశాడు. ఏదో గడువు సంగతి చెబుతాడేమో అనుకుంది ఆమె, దానికి తగ్గ సమాధానం కూడా సిద్ధంగా ఉంచుకుంది. ఆయన చెప్పలేదు. తెలుగు ఆయనకూ వచ్చు. ఆయన అమ్మమ్మ ఇంట్లోనూ గేదెలుండేవి. చేతిరాత కాగితం మీద ఆ "కట్టి" అన్న మాట దగ్గర వేలు పెట్టాడు.

"అమ్మమ్మ అనేది," అన్నాడు చివరికి. "గేదె కట్టింది, వచ్చే వానలకి పాలే పాలు అనేది."

మళ్ళీ ఫోను తీసి, శుక్రవారం పదింటికి రావలసిన మనుషులను ఆపమని చెప్పాడు. అటువైపు వాళ్ళు ఆర్డరు పాసైపోయిందన్నారు కాబోలు. "పాసైతే నేను ఫెయిలు చేస్తున్నాను, రాసుకోండి," అన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం చుక్కలక్క ఎప్పుడూ వినలేదు.

"చంపడం ఆగింది అంతే, జబ్బు లేదని కాదు," అన్నాడు ఆమె వైపు తిరిగి. "పట్టీ పరీక్ష చెయ్యాలి. ఫ్రిజ్‌లో నెత్తుటి నీరు మిగిలి ఉందా?"

"ఉంది సార్."

"పట్టీ సాయంత్రం నానబెడితే పొద్దున పదింటికి తెలుస్తుంది." రెండు కాగితాలూ ఆమె చేతికిచ్చాడు. "చుక్కలు మీరే వెయ్యండి."

* * *

పట్టీ పరీక్ష అంటే కాగితం లాంటి సన్నటి తెల్ల పట్టీ. క్రిమి సారాన్ని ముందే దాని మీద కనపడకుండా ఎక్కించి ఉంచుతారు. గుర్రం నెత్తుటి నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మందు నీళ్ళు పోసి కడిగితే, జబ్బుంటే నల్లటి గీతలు బయటపడతాయి. ఏ గుర్రానిదైనా పైన ఒక్క గీత మాత్రం వస్తుంది, పరీక్ష సవ్యంగా జరిగిందని చెప్పడానికి. కింద ఇంకేమీ రాకపోతే గుర్రం బతికినట్టు.

శుక్రవారం తొమ్మిదిన్నరకే చుక్కలక్క చేతులకు తొడుగులు వేసుకుంది. మొక్కలావిడ అరుగు మీద ఉంది. ఆమె పక్కన, అంత దగ్గరగా కాకుండా, పూరణం గారు కూర్చున్నారు. ఆయన కిటికీ ఆ పూట మూసే ఉంది.

గడువు సార్ పక్కన నిలబడ్డాడు. ఫోను తేలేదు.

ఆమె పిపెట్ తీసుకుంది. గాల్లో ఉన్నంతసేపూ దాని కొన సన్నగా వణికింది. ఇద్దరూ చూశారు. పట్టీ ఉన్న చిన్న తొట్టి అంచుకు చేర్చి, చిటికెన వేలు ఆనించింది. పందొమ్మిదేళ్ళుగా ఆనిస్తున్నట్టే ఆనించింది. కొన నిలిచిపోయింది. మందు చుక్కలు వరసగా, ఒక్కొక్కటి ఒకే పరిమాణంలో పట్టీ పొడవునా పడ్డాయి.

"ఇలాగే ఎప్పుడూ ఆనిస్తారా?" అన్నాడు సార్.

"గాల్లో ఎవరికైనా వణుకుతుంది సార్. మీకూ వణుకుతుంది."

ఆయన తన చెయ్యి చాచి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. పైన గీత వచ్చింది, నల్లగా, స్పష్టంగా. కింద తెల్లగా ఉంది. ఇంకో అయిదు నిమిషాలు చూశారు. తెల్లగానే ఉంది. చుక్కలక్క పట్టీని కడిగి, దీపపు పెట్టె మీద పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. తెల్లగానే ఉంది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. ముందు అనుకున్న ప్రకారమైతే ఈపాటికి గొయ్యి పూడుస్తూ ఉండాలి.

"లేదు సార్," అంది. "ఏమీ లేదు దానికి."

గడువు సార్ కుర్చీలోకి జారి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. కొండంత బరువు దిగితే మనిషి ఎంత చిన్నగా కనిపిస్తాడో ఆయన అంత చిన్నగా కనిపించాడు. ఒక నిమిషం తరవాత లేచి, మంగళవారం నాటి రిజిస్టరు తీశాడు. చెరిపిన చోట పెన్సిలు పోయింది గానీ, ఆమె గట్టిగా ఒత్తి రాసిన గాడి కాగితం మీద అలాగే ఉంది. ఆయన జేబులోంచి కలం తీసి, ఆ గాడి వెంబడే, అక్షరం తప్పకుండా సిరాతో దిద్దాడు. తోడు గుంట మసక. పక్కన, "గమనించినవారు" అని రాసి, ఆమె పేరు రాశాడు. హాజరు పట్టీలో ఉండే అసలు పేరు. కింద, "చెరిపినది నేను" అని రాసి సంతకం పెట్టాడు.

"పైవాళ్ళు చూస్తారు సార్," అంది చుక్కలక్క.

"చూడనివ్వండి."

బయట అరుగు మీద మాట చెప్పడానికి ఆమె వెళ్ళేసరికి పూరణం గారు లేచి నిలబడ్డారు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, మొదటిసారి ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేదాకా ఆగారు.

* * *

గుర్రం బతికిందన్న కాగితం ఇంటికే అందజేయాలని రూలేమీ లేదు. అయినా శనివారం మధ్యాహ్నం ల్యాబు కాగానే పూరణం గారు ఆ కాగితం తీసుకుని, చుక్కలక్కను వెంటబెట్టుకుని బయల్దేరారు. దారిలో ఆపిల్ పళ్ళు ఒక సంచీడు కొన్నారు.

"పళ్ళెందుకండీ?"

"పళ్ళూ పాలూ బాగా పెట్టమన్నాను కదక్కా. పాలు ఎలాగూ తాగదు."

నర్సరీ వెనకాల రేకుల పాక. బయట చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టిన బండి ఖాళీగా ఉంది. మొక్కల కుండీలు గోడ పొడవునా బారులు తీరి ఉన్నాయి. పెద్దమ్మాయి పాక నీడలో నిలబడి ఉంది. గోధుమ రంగు, నుదుట తెల్ల మచ్చ, బానలాంటి పొట్ట. ఆ పొట్ట చూశాక అది చూడిదా కాదా అని ఎవరూ కాగితం వెతుక్కోనక్కర్లేదు. గడ్డి సగానికి పైగా తినేసి ఉంది.

మొక్కలావిడ వాళ్ళను చూసి ఎదురొచ్చింది. కాగితం తీసుకుని కళ్ళకు అద్దుకుంది, చదవలేదు. "పురుడయ్యేదాకా బండి మానిపించేశానమ్మా. మొక్కలు నేనే తోపుడు బండి మీద వేసుకుంటాను." తరవాత పూరణం గారి వైపు తిరిగింది. మొహంలో నవ్వు దాచుకోలేదు. "మంచం వేసి చూశాను బాబూ. సరిపోలేదు."

పూరణం గారు తల దించుకుని నవ్వారు. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది, దాన్ని ఆయనా దాచుకోలేదు. అరచేతిలో ఆపిల్ పెట్టి, చెయ్యి వీలైనంత దూరంగా చాచారు. ఇన్నేళ్ళకు కాగితం దాటి బయటికొచ్చిన మొదటి పశువు మెత్తటి పెదవులతో పండు అందుకుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, తడిని చొక్కాకు తుడుచుకోకుండా అలాగే ఉంచుకున్నారు.

"రామ్మా, ఇటు రా," అని మొక్కలావిడ చుక్కలక్కను పక్కకు పిలిచింది. "ఇక్కడ చెయ్యి పెట్టు. గట్టిగా కాదు, ఊరికే ఆనించు."

చుక్కలక్క జీవితంలో కొన్ని వేల గుర్రాల నెత్తురు చూసింది గానీ గుర్రాన్ని ముట్టుకున్నది తక్కువ. కుడి అరచెయ్యి వెచ్చటి చర్మం మీద ఆనించింది. కాసేపు ఊపిరి తప్ప ఏమీ తెలియలేదు. అంతలో అరచేతి కింద ఏదో కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

ఆమె చెయ్యి తీసి కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది. నిలకడగా ఉంది. మళ్ళీ ఆనించింది.